మారియన్ మొదటి కూతురు

నా భార్య నెట్టా పోయి ఏడాది దాటింది. ఆమె బూడిద ఇంకా మా వంటింటి అలమరలో, టీ డబ్బా పక్కన, చెక్కపెట్టెలో ఉంది. అక్కడ ఉండాలని ఆమె కోరలేదు. లాంగ్‌రిగ్ చర్చి దొడ్లో మారియన్ పక్కన పెట్టమని కోరింది. ఆసుపత్రిలో మాట పోయేముందు చెప్పిన సంగతుల్లో అదొకటి. రెండోది కోళ్ళ గురించి. కోళ్ళ పని చేశాను.

మారియన్ ఫెయిర్‌బర్న్ అంటే నెట్టా అమ్మమ్మకు అమ్మమ్మ. చదువులేని పొలం కూలీ. మా బెరిక్‌షైర్ జిల్లాలో అప్పట్లో ఏ పాలేరు ఏ రైతు దగ్గర కుదిరినా తనతోపాటు ఒక ఆడకూలీని తీసుకురావాలి. పెళ్ళామో, కూతురో, ఎవరూ లేకపోతే తన ఇంట్లో తిండిపెట్టి ఉంచుకున్న పరాయిపిల్లో. ఆడమనిషి లేని పాలేరుకు పని లేదు. మారియన్ తన తండ్రి వెంట అలా వెళ్ళేది. చలికాలమంతా గడ్డకట్టిన నేలలో టర్నిప్ దుంపలు పీకేది. ఆమెకు ఫీమీ అనే కూతురు. ఆ ఫీమీ కూతురే నెట్టా అమ్మమ్మ.

మారియన్ ఉన్న ఆ సమాధి చోటు హక్కు కాగితం విల్మా ట్రాటర్ దగ్గర ఉంది. విల్మా కూడా మారియన్ సంతతే. మారియన్ ఇంకో కూతురు ఇజబెల్ వైపు మనిషి. మారియన్ భర్త ఆడమ్ హోగార్త్ కొన్న చోటు అది. కొడుకులు కెనడాకు పోతే కాగితం ఇజబెల్‌కు వచ్చింది, అక్కణ్ణుంచి దిగుతూ విల్మాకు వచ్చింది. కాగితం ఉన్నవాళ్ళు సంతకం పెట్టందే ఆ మట్టిని ఎవరూ తవ్వలేరు.

నెట్టా జబ్బుపడ్డ ఎనిమిది నెలల్లో విల్మా ఒక కార్డు పంపింది. దాని మీద కుందేలు బొమ్మ ఉంది. నేను మరచిపోలేదు.

అయినా వెళ్ళి అడిగాను.

"ఆ చోటు హోగార్తులది, వాట్," అంది విల్మా. తలుపు సగమే తీసింది. వాట్ పర్వెస్ నా పేరు.

"నెట్టా ఎవరిదనుకున్నావ్?"

"నెట్టాని నేనేం అన్లేదు. ఆమె మంచిదే. కానీ ఆ ఫీమీ ఆడమ్ కూతురు కాదు. మారియన్ పెళ్ళికాకముందు ఎవడితోనో కన్నది. చర్చి పుస్తకంలో ఉంది. నా దగ్గర నకలుంది, చూస్తావా?"

"నీ దగ్గర ఉండకుండా ఎలా ఉంటుంది? ఊళ్ళోవాళ్ళ మురికిగుడ్డలన్నీ నీ దగ్గరే కదా ఉతుకుతారు."

"తిట్టు. తిడితే రక్తం మారదు. ఆ ఫీమీ ఆడమ్ కూతురని రుజువు తీసుకురా, ఆరోజే సంతకం పెడతా. నేనేం రాక్షసిని కాదు."

తలుపు వేసుకుంది.

నేను ఊరి బడిలో చదివి, పద్నాలుగో ఏట వదిలేసి, యాభై ఏళ్ళు గొర్రెలు కాశాను. రికార్డులు నా పని కాదు, నెట్టా పని. జబ్బు పడకముందు ఆమె మూడు నకళ్ళు తెప్పించుకుంది. వాటిని వంటింటి బల్ల మీద పరిచాను. మూడూ మూడు మాటలు చెప్పాయి. 1871 జనాభా లెక్కలో ఫీమీ ఆడమ్ హోగార్త్ కూతురు, తొమ్మిదేళ్ళు. ఆమె పెళ్ళి కాగితంలో తల్లి పేరు మారియన్ ఫెయిర్‌బర్న్, తండ్రి గడి ఖాళీ. చనిపోయినప్పటి కాగితంలో మళ్ళీ ఆడమ్ తండ్రి అయ్యాడు, వయసు మాత్రం మూడేళ్ళు తగ్గింది. అది ఆమె కొడుకు చెప్పి రాయించింది. తల్లి పెళ్ళి తర్వాత పుట్టినట్టు ఉండాలని తగ్గించాడు. అంతమాత్రం నాకు అర్థమైంది. గొర్రెల సంతలో పళ్ళు చూసి వయసు చెప్పేవాణ్ణి, అబద్ధపు వయసు నాకు కొత్త కాదు.

ఫీమీ పుట్టినప్పటి కాగితం దొరికితే ఏదో ఒకటి తేలుతుందనుకుని జిల్లా రికార్డుల గదికి వెళ్ళాను.

అక్కడ మిసెస్ కెర్ అనే ఆమె ఉంది. పొడుగ్గా, ఎండుకట్టెలా ఉంటుంది. మాట కూడా అంతే.

"ఫీమీ ఫెయిర్‌బర్న్ అనే పిల్ల పుట్టలేదండీ," అంది మూడోసారి వెళ్ళినప్పుడు.

"పుట్టకుండా నా భార్య ఎలా వచ్చింది?"

"అది నన్నడక్కండి. చుట్టుపక్కల పారిష్‌లన్నీ, ఒక్కో చర్చి కింద ఉన్న ఊళ్ళన్నీ చూశాను. ఆ రోజుల్లో పుట్టుక రాయించకపోతే జరిమానా. ఎవరూ ఎగ్గొట్టేవాళ్ళు కాదు, పెళ్ళికాని తల్లులతో సహా."

"పాలేళ్ళ కుటుంబం. ప్రతి మే నెలా బండి కట్టుకుని ఫారం మారేవాళ్ళు. ఇంకెక్కడో రాయించి ఉంటారు."

"అందుకే చుట్టుపక్కలవన్నీ అన్నాను. వింటున్నారా మీరు?"

వింటున్నాను. అది నచ్చక మాట్లాడాను. మిసెస్ కెర్ విల్మా చెప్పిన చర్చి పుస్తకం అసలు ప్రతి తెచ్చి పెట్టింది. 1862 జూన్. అంతకుముందు నెలే ఫెయిర్‌బర్న్‌లు బ్లాక్‌హోప్ ఫారం వదిలి లాంగ్‌రిగ్‌కు వచ్చారు. మారియన్ వీపున పిల్ల ఉంది, వేలికి ఉంగరం లేదు. చర్చి పెద్దలు పిలిపించారు. పిల్ల ఎవరిదని అడిగారు. నాదే అంది. తండ్రి ఎవరని అడిగారు. చెప్పనంది. వారం గడువిచ్చి మళ్ళీ పిలిచారు. మళ్ళీ చెప్పనంది. మూడోసారి పాదిరి 'మొండిమనిషి' అని రాసి, ఆమెను అందరి ముందూ మందలించి, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు భోజనానికి రానివ్వకూడదని నిర్ణయించాడు. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్ళు. ఆ పాదిరి చేతిరాత చాలా అందంగా ఉంది. మనిషి ఎలాంటివాడో నాకు అనవసరం.

విల్మా చెప్పింది నిజమేనన్నమాట. నేను ఇంటికొచ్చి కోళ్ళకు గింజలు వేశాను.

మరుసటి వారం వంటింట్లో కూర్చుని మారియన్ పిల్లల పేర్లన్నీ విత్తనాల పొట్లం వెనక వరసగా రాశాను. ఎందుకు రాశానో చెప్పలేను. మంద లెక్క తప్పినప్పుడు మళ్ళీ మొదటినుంచి లెక్కపెడతాం, అంతే. ఫీమీ. తర్వాత 1865లో ఆడమ్‌తో పెళ్ళి. తర్వాత జాన్, ఆడమ్ తండ్రి పేరు. ఇజబెల్, మారియన్ తల్లి పేరు. ఆండ్రూ, మారియన్ తండ్రి పేరు. మార్గరెట్, ఆడమ్ తల్లి పేరు.

అంతా పద్ధతిగానే ఉంది. మొదటి కొడుక్కి తాత పేరు, రెండోవాడికి తల్లి తరఫు తాత పేరు. మొదటి కూతురికి అమ్మమ్మ పేరు, రెండోదానికి నాన్నమ్మ పేరు. మాలో ఇది ఎవరూ రాసిపెట్టిన చట్టం కాదు, కానీ తప్పితే మేనత్తలు పదేళ్ళు పలకరించరు. మా అన్న తన మొదటి కూతురికి ఏదో సినిమా పేరు పెట్టాడు. అన్న అత్తగారు ఆ పిల్ల బాప్తిస్మానికి నల్లగౌను వేసుకొచ్చింది.

మరి మారియన్ తన తల్లి ఇజబెల్ పేరు మొదటి కూతురికి ఎందుకు పెట్టలేదు? అది ఎందుకు రెండో కూతురి కోసం ఆగింది? పెళ్ళి కాకుండా పుట్టిన పిల్ల అయితే మరీ అమ్మమ్మ పేరే పెడతారు, ఆ పిల్లను పెంచేది అమ్మమ్మే కాబట్టి. ఫెయిర్‌బర్న్‌లలో ఫీమీ అనే మనిషి ఎక్కడా లేదు. హోగార్తుల్లోనూ లేదు.

పొట్లం జేబులో పెట్టుకుని బస్సెక్కాను.

మిసెస్ కెర్ దాన్ని అటూ ఇటూ తిప్పింది. "క్యాబేజీ విత్తనాలు," అంది.

"వెనక చూడండమ్మా."

చూసింది. వేలు పెట్టి ఒక్కో పేరూ చదివింది. ఫీమీ దగ్గర వేలు ఆగిపోయింది.

"అయితే ఈ ఫీమీ అన్నది ఎవరి అమ్మమ్మ పేరు?" అంది.

"అది తెలిస్తే బస్సు ఛార్జీ మిగిలేది."

ఆమె ఈసారి ఇంటిపేరుతో వెతకలేదు. మే నెలలో బండి కట్టకముందు ఫెయిర్‌బర్న్‌లు ఉన్న బ్లాక్‌హోప్‌లో, ఆ ఏడాది పుట్టిన ఫీమీలెవరని వెతికింది. పావుగంట పట్టింది. ఆ ఊళ్ళో ఆ ఏడాది ఒక్కతే ఫీమీ. తల్లి హెలెన్ లాడర్, పొలం కూలీ, పెళ్ళికాలేదు, ఫెయిర్‌బర్న్ ఇంట్లో మకాం. తండ్రి గడి ఖాళీ. పుట్టుక చెప్పి రాయించినవారి పేరు మారియన్ ఫెయిర్‌బర్న్, సంతకం రాదు, గీత మీద అడ్డగీత గీసి గుర్తు పెట్టింది. కన్న వారానికి హెలెన్ పోయింది. అది రాయించిందీ మారియనే. మళ్ళీ అదే గీత. ఆ చావు కాగితంలో హెలెన్ తల్లి పేరు రాసి ఉంది. యూఫీమియా. ఫీమీ అంటే అదే.

నేను కుర్చీలో వెనక్కి వాలాను. ఆ గీతలను చాలాసేపు చూశాను. మొదటిది నిటారుగా ఉంది. రెండోదానికి కలం గట్టిగా నొక్కింది, సిరా ఉబ్బింది.

"ఆ పిల్లని ఏం చేయాలో పారిష్‌వాళ్ళు రాసే ఉంటారు," అంది మిసెస్ కెర్, వెళ్ళి, దిక్కులేనివాళ్ళ పోషణ చూసే పేదల ఇన్‌స్పెక్టరు పుస్తకం తెచ్చింది.

రాశారు. అనాథలను పారిష్‌వాళ్ళు దూరాన, ఎక్కడో ఉత్తరాన కొండల్లో ఎవరింట్లోనో డబ్బిచ్చి పెంపించేవాళ్ళు. ఎంత దూరమైతే అంత మంచిది, మళ్ళీ ఎవరూ వచ్చి అడగరు. కొందరు బతికేవాళ్ళు. హెలెన్ బిడ్డను చలికాలం పోగానే అలా పంపాలని రాసి ఉంది. ఏప్రిల్‌లో ఇన్‌స్పెక్టరు బ్లాక్‌హోప్ వెళ్ళాడు. పిల్ల చచ్చిపోయిందని కూలీల ఇళ్ళ వరసలో ప్రతి ఇంటివాళ్ళూ చెప్పారట. ఆయన అది రాసుకుని వచ్చేశాడు. చావు రిజిస్టర్లో ఆ పిల్ల లేదు. ఆ రిజిస్టరు ఎవరూ తీసి చూడలేదు.

కొట్టుకునే ఇళ్ళు అవి. ఒకరి బొగ్గు ఒకరు దొంగిలించే ఇళ్ళు. ఆరోజు మాత్రం ఒక్క నోరూ తడబడలేదు. మేలో ఫెయిర్‌బర్న్‌ల సామాను బండికెక్కింది, మంచం పరుపుల మధ్య పిల్లా ఎక్కింది. లాంగ్‌రిగ్‌లో వీళ్ళెవరో ఎవరికీ తెలియదు. అక్కడ పెద్దలు పిలిచి ఎవరిదని అడిగితే, నిజం చెబితే పిల్ల ఉత్తరానికి పోతుంది. అందుకని నాదే అంది. లేని మగవాడి పేరేం చెబుతుంది? చెప్పనంది.

ఆ ముద్ర ఆమెతోనే తిరిగింది. పిల్లను వీపున కట్టుకున్న ఆడకూలీ పొలంలో సగం పనే చేస్తుందని రైతుల లెక్క. రైతులు పాలేళ్ళను కుదుర్చుకునే మార్చి సంతలో ఆమె తండ్రిని మంచి రైతులెవరూ తీసుకోలేదు. తర్వాతి మూడేళ్ళూ వాళ్ళు ఒకదానికన్న ఒకటి ఎత్తైన, చల్లని, రాళ్ళ ఫారాలకు మారారు. ఆ ఫారాలు నాకు తెలుసు. అందులో ఒకదానిలో నేను గొర్రెలు కాశాను. అక్కడ గాలి పళ్ళలోంచి పోతుంది. ఆ కొండ మీద తనది కాని పిల్లకు పాలెక్కణ్ణుంచి తెచ్చిందో ఏ పుస్తకంలోనూ లేదు. చివరకు ఆడమ్ హోగార్త్ వచ్చాడు. ఈమె గతం నీకు తెలుసా అని పెద్దలు పెళ్ళికి ముందు అతణ్ణి అడిగారు. తెలుసన్నాడని రాసి ఉంది. జనాభా లెక్కలవాడు తలుపు తట్టినప్పుడు ఫీమీని తన కూతురని చెప్పాడు. ఆడమ్ గురించి నాకింకేం తెలియదు. అది చాలు.

ఆ రెండు గీతలు గీశాక మారియన్ కనబడ్డ ప్రతి అధికారికీ అబద్ధం చెప్పింది. పేరు దగ్గర మాత్రం చెప్పలేదు. తన తల్లి పేరు ఆ పిల్లకు పెట్టి ఉంటే నూట అరవై ఏళ్ళు కాదు, ఎప్పటికీ ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆ పిల్లకు తన అమ్మమ్మ ఉంది, ఆ అమ్మమ్మకు ఒక పేరుంది. దాన్ని తీసేసుకోలేదు.

మిసెస్ కెర్ పుస్తకాలు మూసింది. ఒకదాని మీద ఒకటి పెట్టింది.

"మిస్టర్ పర్వెస్, ఇది మీకు పనికిరాదు," అంది.

"తెలుసు."

"ఆ విల్మా, ఫీమీ ఆడమ్ కూతురని రుజువడిగింది. మీరేమో మారియన్ కూతురు కూడా కాదని తేల్చారు. మీ భార్యకి ఆ సమాధిలో రవ్వంత హక్కు లేదు."

"తెలుసన్నాను కదమ్మా."

"నేనైతే ఎవరితోనూ అనను. ఇంతదాకా ఎవరూ వెతకలేదు, ఇకముందూ వెతకరు."

ఆమె మంచికే చెప్పింది. కానీ ఇది దాచితే మారియన్ మళ్ళీ పెళ్ళికాకుండా కన్నదే అవుతుంది. బతికినన్నాళ్ళూ ఆ మాట మోసింది. చచ్చాక కూడా విల్మా నోట్లో మోయాలా? ఒకవైపు నెట్టా కోరిక ఉంది, ఇంకోవైపు ఇది. నెట్టా అయితే ఏం చేసేదో నాకు తెలుసు. అది తెలిసినందుకు ఆ సాయంత్రం ఆమె మీద కోపం వచ్చింది.

విల్మా ఈసారి తలుపు పూర్తిగా తీసింది. వంటింట్లో కూర్చోబెట్టి టీ పోసింది, వెన్న బిస్కెట్లు పెట్టింది. నేను ముట్టుకోలేదు.

"దొరికిందా రుజువు?" అంది.

"దొరికింది. ఫీమీ ఆడమ్ కూతురు కాదు."

"చెప్పానా మరి!"

"మారియన్ కూతురూ కాదు."

నకళ్ళు, విత్తనాల పొట్లం బల్ల మీద పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాను. నేను కథలు చెప్పేవాణ్ణి కాదు.  చెప్పడం అయ్యాక విల్మా కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"అంటే మాకూ ఆ ఫీమీకీ అసలు సంబంధమే లేదన్నమాట," అంది మెల్లగా.

"లేదు."

"ఇది చెప్పడానికి వచ్చావా? వాట్, నీకు మతి పోయిందా? నోరు మూసుకునుంటే కనీసం సగం రక్తమైనా ఉండేది. నేను రేపో మాపో మెత్తబడేదాన్నేమో."

"నువ్వు మెత్తబడ్డం నేనెప్పుడూ చూళ్ళేదు."

"నువ్వు మాత్రం వెన్నముద్దవి!"

"నేను నీ మెత్తదనం కోసం రాలేదు విల్మా. నీ దగ్గరున్న ఆ నకలు చించెయ్. మారియన్ తప్పు చేసి కన్లేదు. చెయ్యని తప్పు నెత్తినేసుకుని మూడుసార్లు వాళ్ళ ముందు నిలబడింది. ఊళ్ళో నువ్వు ఎవరెవరికి చూపించావో వాళ్ళందరికీ ఇది కూడా చూపించు. నాకంతే కావాలి."

"నెట్టా సంగతో?"

"నెట్టాకి హక్కు లేదని నేనే చెప్పాను కదా. ఇంకెన్నిసార్లు చెప్పించుకుంటావ్?"

లేచాను. టోపీ పెట్టుకున్నాను. విల్మా లేవలేదు. విత్తనాల పొట్లం తన ముందుకు లాక్కుని, పెదవులు కదుపుతూ వేళ్ళ మీద ఏదో లెక్కపెడుతోంది.

"ఉండు," అంది.

"బస్సుంది నాకు."

"బస్సు పోనీ. ఉండవయ్యా." మళ్ళీ మొదటి వేలినుంచి మొదలుపెట్టింది. "ఇజబెల్‌కి ముగ్గురు కూతుళ్ళు. పెద్దది మారియన్, అమ్మమ్మ పేరు. సరే. రెండోది మా అమ్మమ్మ. దానికి నాన్నమ్మ పేరు రావాలి. ఇజబెల్ అత్తగారి పేరు కేథరిన్. ఆ పేరు మూడోదానికి పెట్టారు. అత్తగారు చచ్చేదాకా ఇజబెల్‌తో మాట్లాళ్ళేదట, ఎందుకో మా అమ్మకీ తెలీదు."

"అయితే?"

"మా అమ్మమ్మ పేరు ఫీమీ, వాట్."

నేను మళ్ళీ కూర్చున్నాను.

"నేను ఆవిడ ఒళ్ళో పెరిగాను," అంది విల్మా. "అది ఇజబెల్ మొగుడి తరఫు పేరనుకున్నా ఇన్నాళ్ళూ. ఎవర్నీ అడగలేదు. ఇజబెల్ వరసలో అత్తగారిని తోసేసి అక్క పేరు పెట్టుకుందన్నమాట. అక్క కాని అక్క పేరు." పొట్లం మీద ఫీమీ పేరును వేలితో తట్టింది. "ఇజబెల్‌కి తెలిసుంటుందా?"

"నాకేం తెలుసు?"

"తెలిసే ఉంటుంది. ఒకే మంచం మీద పడుకుని పెరిగినవాళ్ళకి తెలీదా." లేచి లోపలికి వెళ్ళింది. సొరుగులు లాగుతున్న చప్పుడు వినిపించింది, ఏదో కింద పడింది, ఆమె తిట్టుకుంది. సమాధి కాగితం తెచ్చి బల్ల మీద పరిచి, బిస్కెట్ల పళ్ళెం పక్కకు నెట్టి, నా కలమే అడిగి తీసుకుని సంతకం పెట్టింది.

"రక్తం కాదు కదా," అన్నాను. నా నోరు ఊరుకోదు.

"నోర్ముయ్," అంది విల్మా. "ఇజబెల్‌కి లేని పట్టింపు నాకెందుకు? ఆ టీ తాగు, చల్లారింది."

తాగలేదు.

సెప్టెంబరులో లాంగ్‌రిగ్ చర్చి దొడ్లో నెట్టాను పెట్టాం. గాలి ఉంది, వాన లేదు. చిన్న గొయ్యి, చిన్న పెట్టె. అయినా మా పద్ధతిలో తాళ్ళతోనే దింపాలన్నాను. పెట్టెకు రెండు తాళ్ళు కట్టారు. తాడు పట్టుకునేది ఎవరో చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళు చెప్పాలి, దగ్గరివాళ్ళనే పిలవాలి. తల దగ్గర తాడు నాది. రెండోదానికి ఎవరని గొయ్యి తవ్వినవాడు అడిగాడు.

విల్మా గేటు దగ్గర, నల్లకోటులో, పిలవని పేరంటానికి వచ్చినదానిలా నిలబడి ఉంది. మా దగ్గర ఆడవాళ్ళకు తాడివ్వడం పాత ఆచారం కాదు. పాత పెద్దలు ఆడవాళ్ళను గొయ్యి దాకా కూడా రానిచ్చేవాళ్ళు కాదు.

"విల్మా ట్రాటర్," అన్నాను గట్టిగా.

ఆమె వచ్చింది. చేతితొడుగులు తీసి జేబులో పెట్టుకుని, తాడు అరచేతికి రెండు చుట్లు చుట్టుకుంది.

"చుట్టుకోకూడదు," అన్నాను. "వదలాల్సినప్పుడు వదలలేవు."

"గొర్రెలకి చెప్పు," అంది. కానీ ఒక చుట్టు విప్పింది.

కుందేలు కార్డు సంగతి నేను మరచిపోలేదు, మరవను కూడా. ఇద్దరం కలిసి మెల్లగా తాడు వదిలాం. పెట్టె ఒరగకుండా దిగింది.